కొత్త గ్యాడ్జెట్లు, ఫాస్ట్‌ఫుడ్: తొలి అభిప్రాయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కొత్త మిక్సీ కొని ఇంటికి తెచ్చుకున్నవారికి ఆ సాయంత్రమే పక్కింటి నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఎట్లా ఉంది?" ఊళ్ళో కొత్తగా తెరిచిన ఫాస్ట్‌ఫుడ్ సెంటరులో మొదటి ప్లేటు తిని వచ్చినవారికీ అదే ప్రశ్న. ఒక్క రోజు వాడకంతో చెప్పే జవాబులో ఎంత నమ్మదగింది, ఎంత తొందరపాటు, ఆ కొద్ది రోజుల్లో తప్పనిసరిగా చూసుకోవలసినవి ఏమిటి అన్నవాటిపై మా ప్రాంతపు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

తొలి అభిప్రాయం అంటే ఎన్ని రోజుల వాడకం?

పెట్టె తెరిచిన గంట నుంచి వారం, పది రోజుల వరకు కలిగే అనుభవాన్ని తొలి అభిప్రాయంగా లెక్కించవచ్చు. ఈ గడువులో కొన్ని సంగతులు పూర్తిగా తేలిపోతాయి. వస్తువు బరువు, మోత, వాసన, వైరు పొడవు, మూత సరిగ్గా పడుతున్నదీ లేనిదీ, ఎండలో తెర మీది అక్షరాలు కనిపిస్తున్నదీ లేనిదీ అన్నవి మొదటి రోజున ఎలా ఉంటాయో ఏడాది తరువాత కూడా దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి వాటి మీద చెప్పిన మాట నిలుస్తుంది. మోటారు ఎన్నేళ్ళు మన్నుతుంది, బ్యాటరీ ఎప్పుడు నీరసిస్తుంది, నాన్‌స్టిక్ పూత ఎప్పుడు లేస్తుంది అన్న విషయాల్లో మాత్రం మొదటి వారంలో ఎవరూ ఏమీ చెప్పలేరు. చెబుతున్నారంటే అది ఊహ అయినా కావాలి, ప్రకటన అయినా కావాలి.

తిండి విషయంలో లెక్క మారుతుంది. ఆ ప్లేటు గురించి తెలియవలసిందంతా ఆ ప్లేటులోనే ఉంటుంది. ఆ దుకాణం గురించి తెలియాలంటే మాత్రం మరోసారి, వీలైతే వేరే వేళకు వెళ్ళి తినాలి.

కొన్న రోజునే చూసుకోవలసినవి ఏమిటి?

బిల్లు, వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, పెట్టె మీది సీరియల్ నంబరు వస్తువు మీది నంబరుతో సరిపోతున్నదా అన్నవి అందరికీ తెలిసినవే. ఆన్‌లైన్‌లో తెప్పించినదైతే పెట్టె సీలు తీసే ముందు నుంచి వస్తువు ఆన్ అయ్యేవరకు ఆపకుండా వీడియో తీసి ఉంచుకోవడం మంచిది. భారత ప్రమాణాల సంస్థ గుర్తులు కూడా చూడాలి. మిక్సీ వంటి వాటి మీద ఐఎస్ఐ గుర్తు, ఛార్జర్లు, పవర్ బ్యాంకులు, ఫోన్ల వంటి వాటి మీద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి. ఆ సంస్థ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూస్తే అది ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చినదో తెలుస్తుంది. గుర్తు ముద్రించడం ఎవరికైనా సాధ్యమే కనుక సంఖ్యను సరిచూడడమే అసలు పరీక్ష.

ఎక్కువమంది వదిలేసేది ప్లగ్గు సంగతి. మన ఇళ్ళలో గోడకు ఉండే చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి. పవర్ ప్లగ్ అని పిలుచుకునే పెద్దవి 16 ఆంపియర్లవి. 1500 వాట్ల కెటిల్ గానీ ఎయిర్ ఫ్రయర్ గానీ 230 వోల్టుల వద్ద ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. వీటిని చిన్న సాకెట్‌లో మార్పిడి పిన్నుతోనో, సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతోనో నడిపితే ప్లగ్గు వేడెక్కి మెత్తబడుతుంది, ఆ తప్పు వస్తువు మీదికి పోతుంది. పాత మిద్దెల్లో వంటింట్లో పవర్ ప్లగ్ ఒక్కటే ఉండి, దానికి ఫ్రిజ్ తగిలించి ఉండడం మామూలే. అలాంటి ఇంటివారు ఎయిర్ ఫ్రయర్ కొనేముందు ఎలక్ట్రీషియన్ను పిలిపించుకోవడం మేలు.

కొత్త మిక్సీ ఆన్ చేయగానే కాలిన వాసన వచ్చింది. వెంటనే వాపసు ఇవ్వాలా?

తొందరపడవలసిన పని లేదు. మోటారులోని రాగి తీగ చుట్టల మీద వార్నిష్ పూత ఉంటుంది. మొదటి కొద్దిసార్లు వేడెక్కినప్పుడు ఆ పూత నుంచి వాసన రావడం సహజమని చాలా కంపెనీలు తమ పుస్తకాల్లోనే రాస్తాయి. మిక్సీ అడుగున గాలి రంధ్రాల్లోంచి చిన్న నిప్పురవ్వల వెలుగు కనిపించడం కూడా మామూలే. ఈ రకం మోటార్లలో కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగాన్ని రాసుకుంటూ ఉండడం వల్ల అది వస్తుంది. పొగ కంటికి కనిపించినా, నాలుగైదుసార్లు వాడిన తరువాత కూడా వాసన తగ్గకపోయినా, ఖాళీ జార్‌తోనే బాడీ అదిరిపోతున్నా అది లోపమే, అప్పుడు దుకాణానికి వెళ్ళాలి.

నడుస్తూ నడుస్తూ మిక్సీ హఠాత్తుగా ఆగిపోతే కాలిపోయిందని అనుకోకుండా ముందు దాన్ని తలకిందులు చేసి చూడండి. అడుగున చిన్న బటన్ ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. భారం ఎక్కువైనప్పుడు మోటారును కాపాడడానికి పెట్టిన స్విచ్ అది. కాసేపు చల్లారనిచ్చి, జార్‌లో పదార్థం కొంత తగ్గించి, ఆ బటన్ లోపలికి నొక్కితే మళ్ళీ నడుస్తుంది.

మిక్సీని మొదటి వారంలో ఎలా పరీక్షించాలి?

ప్రకటనల్లో పండ్లరసం తీసి చూపిస్తారు. పండ్లరసం ఏ మిక్సీ అయినా తీస్తుంది. మన వంటింటి పరీక్షలు వేరు: నానిన మినప్పప్పు, ఎండుమిరపకాయలు, పచ్చికొబ్బరి, చేపల పులుసులోకి మెంతులు, ధనియాల పొడి. వీటిలో మినప్పప్పు మోటారు బలాన్ని చూపిస్తుంది, మెంతులు బ్లేడు పదునును చూపిస్తాయి, ఎండుమిరపకాయలు మూత బిగింపును చూపిస్తాయి. మూత రబ్బరు వదులైతే కారం ఘాటు ఇల్లంతా కమ్ముకుని ఆ సంగతిని మొదటి నిమిషంలోనే చెప్పేస్తుంది. చిన్న జార్‌లో రెండు పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి రెబ్బలు మాత్రమే వేసి చూడడం కూడా అవసరం. పెద్ద జార్‌లో బ్రహ్మాండంగా పనిచేసి, చిన్న జార్‌లో పదార్థాన్ని గోడలకు చిమ్మి ఊరుకునే మిక్సీలు బజారులో చాలానే ఉన్నాయి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఎన్ని నిమిషాలు నడిపి ఎన్ని నిమిషాలు ఆపాలో మిక్సీ మీదనే రాసి ఉంటుంది. ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమనడం సాధారణం. పదిమందికి సరిపడే ఇడ్లీ పిండిని ఆపకుండా రుబ్బి, మిక్సీ వేడెక్కిందని తప్పుబట్టడం న్యాయం కాదు. అంత పిండి రోజూ కావలసిన ఇంటికి వెట్ గ్రైండరే తగినది.

కెటిల్‌లో నీళ్ళు ప్లాస్టిక్ వాసన వేస్తున్నాయి. అడుగున తెల్లటి పొర కూడా కడుతోంది. ఇవి లోపాలేనా?

రెండూ వేర్వేరు సంగతులు. వాసన మొదటి కొద్దిసార్లు ఉంటుంది. నిండుగా నీళ్ళు పోసి మరిగించి పారబోయడం కొన్నిసార్లు చేస్తే పోవాలి. లోపలంతా స్టీలే ఉండి మూత మాత్రమే ప్లాస్టిక్ అయిన కెటిల్‌కు ఈ బాధ తక్కువ. ఆ తరువాతా వాసన ఉంటే వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి, అది అలవాటైపోతుందని సర్దుకుపోవద్దు.

తెల్లటి పొర కెటిల్ తప్పు కాదు, నీటి తప్పు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల్లో బోరు నీళ్ళు ఎంత కఠినమైనవో అక్కడివారికి చెప్పనక్కర లేదు. ఆ నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు మరిగినప్పుడు విడిపోయి అడుగున పెచ్చులా అతుక్కుంటాయి. నిమ్మ ఉప్పు కొద్దిగా కలిపిన నీళ్ళు మరిగించి, కాసేపు ఉంచి కడిగితే పొర వదులుతుంది. అయితే కనిగిరి వంటి ప్రాంతాల్లో నీటిలో ఉన్న ఫ్లోరైడ్ మరిగించడం వల్ల పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది కూడా. కెటిల్ కొన్నాము కాబట్టి ఇక శుద్ధిచేసిన నీళ్ళు అక్కరలేదని అనుకోకూడదు.

ఎయిర్ ఫ్రయర్‌లో మిరపకాయ బజ్జీలు వస్తాయా?

రావు. ఇంత ముక్తసరిగా చెప్పడానికి కారణం ఉంది. బజ్జీ పిండి కాగిన నూనెలో పడిన క్షణంలోనే చుట్టూ గట్టిపడి ఆకారం నిలబెట్టుకుంటుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఉన్నది వేడి గాలి మాత్రమే కాబట్టి పిండి గట్టిపడే లోపే బుట్ట రంధ్రాల్లోంచి కిందికి కారిపోతుంది. పునుగులకూ అదే గతి. కాస్త నూనె, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించిన రొయ్యలు, చేప ముక్కలు, బంగాళాదుంప ముక్కలు, చికెన్ మాత్రం బాగా వస్తాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పరిస్తేనే గాలి చుట్టూ తిరిగి కరకరలాడతాయి. కాబట్టి నలుగురున్న ఇంట్లో రెండు మూడు విడతలు వేయవలసి వస్తుందని ముందే తెలుసుకుని కొనాలి. బజ్జీలు వేసి చూసి "పనికిరాని వస్తువు" అని తేల్చేవారూ, మొదటి రోజు రొయ్యలు రుచి చూసి "ఇక నూనె మూకుడు అక్కర్లేదు" అని చెప్పేవారూ ఒకే రకంగా తొందరపడుతున్నారు.

బుట్ట పూత మీద గీతలు పడకుండా స్టీలు అట్లకాడకు బదులు చెక్క గరిటె వాడండి. చెక్క చెంచాలకు, గరిటెలకు పేరుపడిన ఉదయగిరి మన నెల్లూరు జిల్లాలోనే ఉండగా దీనికోసం సిలికాన్ గరిటెల సెట్టు తెప్పించుకోనక్కర లేదు.

కొత్త ఫోన్‌ను మొదట ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలా? తొలి రోజుల్లో ఛార్జింగ్ త్వరగా ఎందుకు దిగిపోతుంది?

ఎనిమిది గంటల మాట పాత నికెల్ బ్యాటరీల కాలం నాటిది. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీకి అది అవసరం లేదు. పెట్టెలోంచి తీసినప్పుడు కొంత ఛార్జింగ్ ఉంటుంది. కావాలంటే అప్పుడే వాడుకోవచ్చు, కావాలంటే ఛార్జ్ పెట్టుకోవచ్చు.

తొలి రెండు మూడు రోజుల్లో ఛార్జింగ్ త్వరగా దిగిపోవడానికి కారణం ఫోన్ మనకు తెలియకుండా చేసే పని. పాత ఫోన్ నుంచి ఫొటోలు, వాట్సాప్ సందేశాలు దిగుతుంటాయి, యాప్‌లన్నీ కొత్త రూపాలకు మారుతుంటాయి, ఫొటోల్లోని ముఖాలను ఫోన్ వర్గీకరించుకుంటుంటుంది. దానికి తోడు కొత్త వస్తువు మీద మోజు వల్ల తెర వెలుగుతూనే ఉంటుంది. కనుక బ్యాటరీ మీద తీర్పును కనీసం వారం వాయిదా వేయడం మంచిది.

కొన్న నెల కూడా లెక్కలోకి వస్తుంది. చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీల లోపు ఉండాలని చాలా ఫోన్ కంపెనీలు సూచిస్తాయి. రోహిణీ కార్తెలో నెల్లూరులో ఆ 35 డిగ్రీలు ఉదయం పూటే దాటిపోతాయి. అప్పుడు ఫోన్ తనంతట తాను ఛార్జింగ్ వేగం తగ్గిస్తుంది, తెర వెలుగు తగ్గిస్తుంది, కెమెరాను ఆపేసినా ఆశ్చర్యపోనక్కర లేదు. ఆ ఎండల్లో కొన్నవారు "ఛార్జింగ్ ఆలస్యమవుతోంది" అనీ, అదే ఫోన్‌ను జనవరిలో కొన్నవారు "ముప్పావు గంటలో నిండిపోతోంది" అనీ చెబితే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. ఫోన్ వేడెక్కుతోందన్న మాటతో పాటు అది ఏ నెలలో, ఏ గదిలో జరిగిందో చెప్పనివారి అభిప్రాయానికి నేను పెద్దగా విలువ ఇవ్వను.

128 జీబీ అన్నారు, ఫోన్‌లో అంత కనబడడం లేదు. మోసమా?

కాదు. కంపెనీ ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తుంది. 1024 గుణిజాల్లో లెక్కిస్తే అదే 128 జీబీ సుమారు 119 అవుతుంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, ముందే వేసి పంపిన యాప్‌లు కొంత ఆక్రమిస్తాయి. కెమెరా విషయంలోనూ ఇలాంటిదే ఉంది: 50 మెగాపిక్సెల్ కెమెరాలు చాలావరకు నాలుగు బిందువులను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ ఫొటో ఇస్తాయి. చీకట్లో ఆ పద్ధతే మేలు.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండడం లేదు. ఎందుకు?

ఎంఏహెచ్ అంటే బ్యాటరీ నిల్వ సామర్థ్యపు కొలత. 10,000 అన్న అంకె లోపలి సెల్‌కు 3.7 వోల్టుల దగ్గర వర్తిస్తుంది. ఫోన్‌కు 5 వోల్టుల దగ్గర ఇచ్చేటప్పుడు అది లెక్క ప్రకారమే 7,400కు తగ్గుతుంది. మార్పిడిలో వేడి రూపంలో మరికొంత పోతుంది. చేతికి అందేది ఆరు వేల పైచిలుకు అయితే ఆ పవర్ బ్యాంక్ నిజాయితీగలదే. పెట్టె మీద చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఇచ్చే అంకె ఇదే, కొనేటప్పుడు దాన్నే పోల్చుకోవాలి. బరువు చూసి కూడా కొంత పట్టుకోవచ్చు: 20,000 అని రాసి ఉన్నది అరచేతిలో తేలికగా ఉంటే అనుమానించాలి.

కొనగానే ఒకసారి నిండుగా ఛార్జ్ చేసి, ఫోన్‌కు పెట్టి, తాకి చూడండి. గోరువెచ్చగా ఉండడం మామూలే. పట్టుకోలేనంత వేడి, బాడీ ఉబ్బడం మాత్రం వెంటనే పక్కన పెట్టవలసిన సూచనలు. మన తీరంలో దీని అసలు అవసరం తుపాను రోజుల్లో తెలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి వానగాలులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికీ గుర్తే. అక్టోబరు వచ్చేసరికి పవర్ బ్యాంక్ పనిచేస్తున్నదో లేదో చూసి ఉంచుకోవడం మంచి అలవాటు.

ఇయర్‌బడ్స్, స్మార్ట్ వాచీల సంగతి?

ఇయర్‌బడ్స్‌లో మొదటి రోజున తేలవలసింది ఒక్కటే, చెవిలో నిలుస్తున్నదా లేదా. పెట్టెలో ఇచ్చే మూడు సైజుల రబ్బరు తొడుగులూ మార్చి చూడకుండా శబ్దం బాగాలేదని చెప్పకూడదు. తొడుగు వదులైతే బేస్ అనే లోతైన ధ్వని పూర్తిగా పోతుంది. వాచీలోని ఆక్సిజన్ అంకెను వైద్య పరీక్షగా తీసుకోవద్దు. గుంటల రోడ్డు మీద బైకు తోలి వచ్చినా కొన్ని వాచీలు అడుగులు లెక్కవేస్తాయి.

కొత్త బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారుతో తక్కువ కరెంటు వాడే) ఫ్యాన్ వేసిన నెలలోనే కరెంటు బిల్లు తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ ఒక్క ఫ్యాన్‌తో బిల్లులో పెద్ద తేడా కనబడదు. పాత రకం ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు అనుకుంటే, రోజుకు 15 గంటలకు మొదటిది యూనిట్ పైన, రెండోది అర యూనిట్ లోపు వాడతాయి. నెలకు ఇరవై యూనిట్ల తేడా. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి కనుక ఆ లేబుల్ చూసే కొనండి. తొలి రాత్రి పరీక్షించవలసింది గాలి, మోత మాత్రమే.

పిల్లలకు కొన్న ఎల్‌సీడీ పలక బాగుంటుందా?

పలకల ఊరు మార్కాపురం ఉన్న ప్రాంతంలో ఈ ప్రశ్న రావడం సహజమే. పుల్లతో ఒత్తితే తెర మీద గీత పడుతుంది; రాయడానికి కరెంటు అక్కర లేదు, చెరిపేటప్పుడు మాత్రమే లోపలి బటన్ సెల్ పనిచేస్తుంది. అందుకే సెల్ చాలాకాలం వస్తుంది. సుద్దపొడి ఉండదు, తేలికగా ఉంటుంది. అయితే చాలా రకాల్లో ఒక్క అక్షరాన్ని మాత్రమే చెరిపే వీలు లేదు, బటన్ నొక్కితే పలకంతా పోతుంది. అక్షరాలు దిద్దే వయసు పిల్లలకు ఇది నిజమైన లోటు, రాతి పలక ఇక్కడ గెలుస్తుంది. కొన్న వెంటనే చూడవలసింది సెల్ గది మూతకు స్క్రూ ఉన్నదా అని. బటన్ సెల్ మింగితే అన్నవాహికను కొద్ది గంటల్లోనే కాల్చివేయగలదు. స్క్రూ లేని పలకను పసిపిల్లల చేతికి ఇవ్వవద్దు.

నీళ్ళలో పడినా ఏమీ కాదన్న ఫోన్‌ను మైపాడు బీచికి తీసుకెళ్ళవచ్చా?

తీసుకెళ్ళండి, నీళ్ళలో ముంచకండి. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ67, ఐపీ68 పరీక్షలు మంచినీటిలో చేస్తారు. ఉప్పునీరు ఛార్జింగ్ రంధ్రంలోని లోహపు కొనలను తినేస్తుంది, నీటి వల్ల వచ్చిన నష్టానికి వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. వాన జల్లు పడితే భయం లేదన్నంత వరకే ఆ అంకెను నమ్మాలి.

ఫాస్ట్‌ఫుడ్ సెంటరులో మొదటి ప్లేటును ఎలా అంచనా వేయాలి?

మా ప్రాంతంలో ఫాస్ట్‌ఫుడ్ అనగానే బర్గర్ కాదు, సాయంత్రం ఆరు దాటాక రోడ్డు పక్కన పెద్ద మంట మీద ఎగిరే ఎగ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా గుర్తుకు వస్తాయి. మొదటి ముద్ద ఎప్పుడూ పక్షపాతంగానే ఉంటుంది. ఆకలి, వేడి, ఉప్పు, కారం, నూనె, టేస్టింగ్ సాల్ట్ అన్నీ కలిసి ఆ ముద్దను బాగుందనిపిస్తాయి. అందుకని మొదటి ముద్దను కాదు, ప్లేటు సగమయ్యాక తినే ముద్దను గమనించాలి. అన్నం మెతుకు మెతుకుగా విడిపోతున్నదా, ముద్ద కట్టిందా? నూనె ప్లేటు అడుగున తేలుతున్నదా? మంచూరియాలో కూరగాయ ఉన్నదా, ఉత్త మైదా, కార్న్‌ఫ్లోర్ ఉండలేనా? తిన్న గంటకు విపరీతమైన దాహం వేస్తే ఉప్పు ఎక్కువైనట్టే.

బండి దగ్గర నిలబడి తిన్నదానికీ, పార్శిల్‌లో ఇంటికి వచ్చినదానికీ ఒకే మార్కులు వేయకూడదు. వేయించిన ముక్క నుంచి వచ్చే ఆవిరి మూసిన డబ్బాలో బయటికి పోలేక పైపొరను మెత్తబరుస్తుంది. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుంది, చికెన్ 65 పావుగంటకే నీరుగారుతుంది. మూత కొద్దిగా తెరిచి పెట్టమని పార్శిల్ కట్టేటప్పుడే చెబితే కొంత నయం. వంట మాస్టర్ మారితే రుచి మారుతుందన్నది కూడా ఇక్కడ అందరికీ తెలిసిన సత్యమే, కాబట్టి నిరుడు విన్న మెచ్చుకోలును నమ్మి వెళ్ళకండి.

ఎర్రగా మెరిసే రంగు, టేస్టింగ్ సాల్ట్, నల్లటి నూనె: వీటిలో దేనికి భయపడాలి?

నూనెకు ముందు, రంగుకు తరువాత, టేస్టింగ్ సాల్ట్‌కు అన్నిటికన్నా చివర. జనం భయపడే వరుస మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది.

టేస్టింగ్ సాల్ట్ అంటే మోనోసోడియం గ్లుటమేట్. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి ఆ రుచిని గుర్తించారు. గ్లుటమేట్ టమాటాలలో సహజంగానే ఉంటుంది. దీనితో పేచీ ఏమిటంటే నాసిరకం సరుకును కూడా అది రుచిగా అనిపింపజేస్తుంది. రంగు సంగతికి వస్తే, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడడాన్ని పొరుగున ఉన్న కర్ణాటక 2024 మార్చిలో నిషేధించింది. బ్యాడిగి మిరపకాయల ఎరుపు కాస్త ముదురుగా, నూనెలో కలిసి ఉంటుంది. వేళ్ళకు అంటుకుని సబ్బుతో కడిగినా పోని ఎరుపు అనుమానించదగినది.

మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు పెరుగుతాయి. వాటి వాటా 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. దాన్ని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు గానీ, మూకుడులో నూనె నల్లబడి, చిక్కబడి, ముక్క వేయగానే నురగ కట్టి, మంట పెద్దగా లేకపోయినా పొగ వస్తుంటే అక్కడ తినకుండా వెనక్కి తిరగడానికి అంతకంటే ఆధారం అక్కర లేదు.

మయోనైజ్, మిగిలిన ఫ్రైడ్ రైస్ మర్నాడు తినవచ్చా?

రెండూ వద్దు. పచ్చిగుడ్డు మయోనైజ్‌లో సాల్మొనెల్లా పెరిగే ప్రమాదం ఉన్నందున తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాది పాటు దాన్ని నిషేధించాయి. షవర్మా కొనేటప్పుడు మయోనైజ్ గుడ్డుతో చేసినదా, గుడ్డు లేనిదా అని అడగడానికి మొహమాటపడవద్దు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి అందులో విషపదార్థాన్ని తయారుచేస్తుంది. దాన్ని మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. రాత్రంతా డబ్బాలో బల్ల మీద ఉన్న ఫ్రైడ్ రైస్‌ను పొద్దున పెనం మీద వేడిచేసి పిల్లలకు పెట్టడం మానుకోవాలి.

పెద్ద కంపెనీ ఫాస్ట్‌ఫుడ్ దుకాణం కొత్తగా తెరిస్తే మొదటి వారంలోనే వెళ్ళవచ్చా?

సరదాకు వెళ్ళవచ్చు, అంచనా వేయడానికి మాత్రం ఆ వారం పనికిరాదు. రద్దీ, ప్రారంభపు తగ్గింపులు, చేయి తిరగని సిబ్బంది కలిసి అంతా గందరగోళంగా ఉంటుంది. ఎర్రకారం దోశ తిని పెరిగిన నెల్లూరు నాలుకకు వారి మామూలు బర్గర్ చప్పగా అనిపించడం దుకాణం లోపం కాదు. పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న సంస్థలు మెనూ మీద కేలరీలు చూపించాలన్న నిబంధన ఉంది కనుక బోర్డులో ధర పక్కన ఆ అంకెను కూడా చదవండి. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండాలి.

మన అభిప్రాయం ఇతరులకు చెప్పేటప్పుడు ఏ వివరాలు తప్పక చెప్పాలి?

ఎంత పెట్టి ఎక్కడ కొన్నారు, ఎన్నాళ్ళు వాడారు, ఇంట్లో ఎంతమంది, నీళ్ళు బోరువా మునిసిపాలిటీవా, అంతకు ముందు వాడిన వస్తువు ఏది అన్నవి. చివరిది చాలామంది చెప్పరు. పన్నెండేళ్ళ నాటి మిక్సీ పారేసి కొత్తది కొన్నవారికి ఏదైనా అద్భుతంగానే కనిపిస్తుంది. వస్తువు ఉచితంగానో తగ్గింపుతోనో వచ్చి ఉంటే ఆ మాట మొదటే చెప్పాలి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని దుకాణంలో బోర్డు ఉంది. లోపమున్నా తీసుకోరా?

రంగు నచ్చలేదనో, మనసు మారిందనో అయితే వాపసు తీసుకోవాలని దుకాణదారును చట్టం నిర్బంధించదు. లోపమున్న వస్తువు సంగతి వేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోది. ఆన్‌లైన్ అమ్మకపు సంస్థ అయితే ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

ముందు దుకాణానికి రాతపూర్వకంగా, వాట్సాప్‌లో అయినా సరే, లోపాన్ని ఫొటోతో సహా తెలియజేయండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువును ఏ ఊరి నుంచి తెప్పించుకున్నా మీరు నివసించే జిల్లాలోనే, రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. తిండి విషయంలో ఫిర్యాదుకు జిల్లా ఆహార భద్రతా అధికారులు ఉన్నారు, 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్ ద్వారా కూడా పంపవచ్చు. ఎటు వెళ్ళినా ముందు అడిగేది బిల్లునే. వేడికి అచ్చయ్యే కాగితం మీది అక్షరాలు కొద్ది నెలల్లోనే వెలిసిపోతాయి కనుక కొన్న రోజునే దాన్ని ఫొటో తీసి ఉంచుకోండి.